నాన్న నెత్తికి నల్లరంగు

ఆ ఏడు వసంతం మా ఇంట్లోకి నాన్న నెత్తి మీదుగా వచ్చింది. మా ఊరు వజ్జాన్‌లో మిగతా ఇళ్ళన్నింటికీ అది నారింజపూల వాసనతో వస్తుంది. మా ఇంటికి గాడిదల కొట్టం వాసనతో వచ్చింది. నాన్న సంతలో మూలికలమ్మేవాడి దగ్గర ఒక నల్లటి పొడి కొనుక్కొచ్చి, ఆ పొట్లం నా చేతిలో పెట్టి, "గోరింటాకులో కలిపి నా తలకి పట్టించవే బతూల్. మీసానికి కూడా," అన్నాడు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. నాన్నకి యాభై దాటి చాలాకాలమైంది. పేరు తుహామీ. బజార్లో ఉన్నిబట్టల కొట్టు. ఊళ్ళో పెద్దమనిషి కనక అందరూ 'సి తుహామీ' అని గౌరవంగా పిలుస్తారు. ఆ పెద్దమనిషి చలికాలమంతా తల కడుక్కోడు. జలుబు చేస్తుందని భయం. ఒంటిమీది ఉన్ని జెల్లాబాకి, ఆ పొడుగు అంగీకి, కుట్టి ఉండే టోపీ నెత్తిమీంచి దించకుండా నెలలకి నెలలు గడిపేస్తాడు. మార్చి వచ్చి ఆ టోపీ దించేసరికి కింద బయటపడే తలని పగవాళ్ళకి కూడా చూపించకూడదు. జిడ్డు, చుండ్రు, ఉన్నిపీచు, చెవుల వెనక పెచ్చులు. దాన్ని నేను ముట్టుకోవాలి.

నోటితో గాలి పీలుస్తూ పట్టించాను. ఆ నల్లపొడి గోరింటాకులో కలిసిందో లేదో, కళ్ళు మండిపోయేంత ఘాటు. నాన్న మాత్రం పెళ్ళికొడుకులా వీపు నిటారుగా పెట్టి, చేతిలో అద్దం పట్టుకుని కూర్చున్నాడు.

"ఈ పక్క వదిలేశావు చూడు. కణత దగ్గర."

"వేశాను నాన్నా."

"మళ్ళీ వెయ్యి. తెలుపు కనపడకూడదు."

రంగు పట్టేదాకా తలకి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, దాని అంచు చెవులమీదికి లాక్కుని, అలాగే భోజనానికి వచ్చి కూర్చున్నాడు. మేం ముగ్గురం ఒకే పళ్ళెంలో తింటాం. నల్లటి చుక్క ఒకటి సంచి అంచులోంచి జారి, కణత మీదుగా దిగి, ఆయన చేతిలో ఉన్న రొట్టెముక్క మీద పడింది. నాన్న చూసుకోలేదు. ఆ ముక్కని పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. నేను చేయి వెనక్కి తీసేసుకున్నాను. అమ్మ మాత్రం తలొంచుకుని తింటూనే ఉంది. మగాడు ఊరికే జుట్టు నల్లబరుచుకోడని ఆమెకి నాకంటే ముందే తెలుసు.

మర్నాడు తామూ అత్త వచ్చింది. నాన్నకి అక్క, విధవరాలు. ఇంట్లో ఎవరికైనా ఏదైనా చెప్పడానికి నోరు రాకపోతే ఆమె నోరు అరువిస్తుంది. వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, నేను పోసిచ్చిన పుదీనా టీ చప్పరించి, అమ్మ వైపు తిరిగింది.

"చూడు రహ్మా. మా వాడు తాగడు, తిరగడు. ధర్మంగా అడుగుతున్నాడు. ఇంకొకడైతే చెప్పాపెట్టకుండా కట్టుకొచ్చి గుమ్మంలో నిలబెట్టేవాడు."

అమ్మ చింతపడినట్టు లేదు. బఠాణీలు వలుస్తోంది. "ఎవరా పిల్ల వదినా?" అంది.

"హనియా కూతురు లేదూ, షామా."

నా చేతిలో టీగిన్నె పళ్ళెం మీద పడి చప్పుడైంది. షామా నాతోపాటే కుట్టుపని నేర్పే బడికి వస్తుంది. మా ఇద్దరికీ ఒకటే మిషను. నేను తొక్కుతుంటే తను గుడ్డ పట్టుకుంటుంది, తను తొక్కుతుంటే నేను పట్టుకుంటాను. నాకంటే ఆర్నెల్లు చిన్న.

"దానికి నా వయసు అత్తా," అన్నాను.

"నీ వయసైతే ఏం, నీకూ రేపోమాపో చెయ్యాల్సిందే కదా," అంది అత్త నావైపు చూడకుండానే. మళ్ళీ అమ్మతో, "పై గది ఖాళీ చేసిస్తే చాలంటున్నాడు. నువ్వూ ఇదీ కింద ఉన్నిమూటల పక్క గదిలో సర్దుకుంటారట. నీ తిండికీ బట్టకీ లోటు రానివ్వడు, ఆ పూచీ నాది."

"ఆ గదిలో చెమ్మ," అంది అమ్మ.

"సున్నం వేయిస్తాడులే."

ఆ పై గది అమ్మది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ అందులోనే ఉంది. నేను పుట్టింది అందులోనే. కిటికీ తెరిస్తే కొండ కనిపిస్తుంది, ఆలివ్ తోటలు కనిపిస్తాయి. అమ్మకి ఇంట్లో తనదంటూ ఉన్నది అదొక్కటే. ఉన్నిమూటల పక్క గదికి కిటికీ కూడా లేదు.

అత్త లేవబోతూ లేవబోతూ, అమ్మ తలగుడ్డ అంచు వేలితో ఎత్తి లోపలికి తొంగిచూసింది. "కోప్పడకు గానీ రహ్మా, ఏమైపోయింది నీ జుట్టు? ఒకప్పుడు హమ్మామ్‌లో నువ్వు జడ విప్పితే నీళ్ళు పోసుకోవడం మానేసి చూసేవాళ్ళం. ఇప్పుడు చీపురుకట్టలా ఉంది. మగాడన్నవాడు పగలంతా బజార్లో ఉండి ఇంటికొచ్చి ఈ చీపురుకట్టని చూడాలా? ఉల్లిపాయ రసం తీసి, లవంగాలు నూరి, పెద్దపండుగనాటి ఖుర్బానీ గొర్రె కొవ్వు ఉంటుంది కదా, ఉప్పేసి దాచింది, దాంట్లో కాచి పట్టించు. చలికాలంలో చచ్చిన జుట్టు ఈ రోజుల్లో మళ్ళీ మొలుస్తుంది. మొలిస్తే వాడి మనసు మారొచ్చు, ఎవరు చూడొచ్చారు."

సవతిని తెచ్చేదీ ఈమే, సవతి రాకుండా మందు చెప్పేదీ ఈమే. ఆమె వెళ్ళాక వీధితలుపు మూసేటప్పుడు దాని మీద ఉమ్మెయ్యాలనిపించింది.

అమ్మ నవ్విపారేస్తుందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ కనిపించింది.

ఆ నెలంతా నా బతుకు రెండు నెత్తుల మధ్య నలిగిపోయింది. నాన్నకి రంగు, అమ్మకి కొవ్వు. రెండూ నేనే కలపాలి, రెండూ నేనే పట్టించాలి. పాత కొవ్వు కాగుతుంటే వచ్చే కంపు ఇల్లంతా పాకి, దుప్పట్లకీ తెరలకీ పట్టి, చివరికి రొట్టెపిండికి కూడా అంటింది. కుట్టుబడిలో షామా నా మణికట్టు వాసన చూసి, "ఏంటే ఇది, కసాయికొట్లో చేరావా?" అని నవ్వింది. దానికి అప్పటికింకా ఏమీ తెలియదు. నేనూ చెప్పలేకపోయాను. ఎలా చెప్తాను, మా నాన్న నిన్ను అడగబోతున్నాడే అని?

వసారాకి ఆ చివర నాన్న, సంచి తొడుక్కుని. ఈ చివర అమ్మ, కొవ్వు రాసుకుని, పైన గుడ్డ బిగించుకుని. ఆయన ఇంకొకామె కోసం ముస్తాబవుతున్నాడు, ఈమె ఆయన కోసం. ఒకళ్ళవైపు ఒకళ్ళు చూసుకోరు. ఇద్దరి దగ్గరికి పోయేటప్పుడూ నేను నోటితోనే గాలి పీల్చేదాన్ని.

ఒకరోజు నాన్న కొట్టు నుంచి వస్తూనే గుమ్మంలో ఆగి, జెల్లాబా చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంటా కంపు? ఇంట్లో గొర్రె గానీ చచ్చిందా?"

అమ్మ నవ్వింది. చిన్నపిల్ల తప్పుచేసి దొరికిపోతే నవ్వినట్టు, బెరుకుగా. "జుట్టుకి రాసుకున్నానండీ. రేపు కడిగేస్తాను," అంది.

"దేనికిప్పుడు?" అనేసి నాన్న లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నుంచీ కింద వసారా పక్క గదిలో పడుకోవడం మొదలుపెట్టాడు, కంపు భరించలేనని వంక.

నాకు నాన్న మీదకన్నా ఆ నవ్వు మీద ఎక్కువ అసహ్యం వేసింది. వంటింట్లోకి వెళ్ళి అడిగేశాను.

"నీకు రోషం లేదా అమ్మా?"

"ఉంది."

"మరి ఈ కొవ్వేంటి? ఈ వెకిలినవ్వేంటి? ఆయన పొట్లం ఆయన మొహాన కొట్టి బయటికి నడవలేవా?"

"ఎక్కడికి నడవాలో చెప్పు, నడుస్తాను," అంది అమ్మ. కోపంగా కాదు, దారి తెలిస్తే నిజంగానే బయల్దేరేదానిలా అడిగింది. మా అమ్మమ్మ పోయింది. మామయ్య ఇంట్లో మనిషికి మంచం లేదు.

కొవ్వు రాస్తే జుట్టు మొలవలేదు సరికదా, ఉన్నది కూడా దువ్వెనతోపాటు ఊడొచ్చింది. ఒక మధ్యాహ్నం అమ్మ దువ్వెన పళ్ళలో ఇరుక్కున్న వెంట్రుకల ముద్దని తీసి వేళ్ళతో నలిపింది. కొంచెం తెలుపు, కొంచెం నలుపు, జిడ్డుతో అట్టకట్టి ఉంది. దాన్ని పొయ్యిలో వేసింది. తరవాత నన్ను పిలవకుండా తనే నీళ్ళు కాచుకుని, సబ్బుతో తల కడిగేసుకుంది. మిగిలిన కొవ్వు కాలవలో పారబోసింది. అప్పటికి ఏప్రిల్ మొదలైంది.

ఆ వారమే తామూ అత్త కబురు మోసుకొచ్చింది. హనియాకి సంబంధం నచ్చింది కానీ ఒక్క మెలిక పెట్టింది. పెద్దావిడకి ఇష్టమేనని పెద్దావిడ నోటితోనే వినాలట. గొడవల ఇంట్లోకి పిల్లనివ్వనంది.

"గురువారం వాళ్ళు హమ్మామ్‌కి వస్తారు. మనమూ వెళ్దాం. నేనెలాగూ పిల్లని చూడాలి కదా, ఒళ్ళూ జుట్టూ సవ్యంగా ఉన్నాయో లేదో. నువ్వు పక్కనుంటే వాళ్ళకి ధైర్యం. నాలుగు మంచి మాటలు చెప్పు. కళ్ళనీళ్ళు మాత్రం పెట్టుకోకు."

"పెట్టుకోను వదినా. వస్తాను," అంది అమ్మ.

నేను చేతిలో చాట కింద పడేశాను. "నువ్వు వెళ్తే నేను రాను," అన్నాను.

"నువ్వు రాకపోతే బిందెలు ఎవరు మోస్తారు? వస్తావు," అంది అమ్మ.

ఊరి ఆడవాళ్ళంతా కలిసి స్నానం చేసే హమ్మామ్ వేడిగదిలో ఆ రోజు ఆవిరికి ఎదురు మనిషి కనపడటం లేదు. అందరం ముతక తువ్వాళ్ళు చుట్టుకుని రాతినేల మీద కూర్చున్నాం. నీళ్ళబిందెలు మధ్యలో పెట్టుకున్నాం. షామా తల్లి పక్కన మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. నన్ను చూడలేదు, లేదా చూడనట్టు నటించింది. హనియా కూతురి తలకి గసూల్ మట్టి పట్టించి కడిగింది. ఎర్రటి మట్టినీళ్ళు పోయాక ఆ జుట్టు నడుము దాకా జారింది. నిజంగా మంచి జుట్టు. నల్లగా, ఒత్తుగా, దాని పాటికి అది ఉంది.

తామూ అత్త ముందుకి జరిగి దాన్ని పిడికిట్లోకి తీసుకుంది. లాగి చూసింది, సవరమేమోనని. చివర్లు వేళ్ళ మధ్య నలిపింది. మొదళ్ళు విడదీసి పేలున్నాయేమో చూసింది. సంతలో గొర్రె ఉన్ని బేరమాడేటప్పుడు మా నాన్న సరిగ్గా ఇలాగే చూస్తాడు. షామా కదల్లేదు. మెడమీద మాత్రం నరం లేచింది.

"దేవుడి దయవల్ల ఏ లోటూ లేదు," అంది అత్త జుట్టు వదిలేస్తూ.

హనియా గొంతు తగ్గించింది. "మా పిల్లకి ఒకటే బెంగ తామూ. ముసలివాడేమోనని. నలభై అయిదంటున్నారు, నిజమేనా?"

"మా తమ్ముడా ముసలివాడు? వాడి తలలో ఒక్క తెల్లవెంట్రుక చూపించు, ఈ నీళ్ళలోనే ముక్కు మూసుకుని దూకేస్తాను."

హనియా మర్యాదగా మా అమ్మ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు లల్లా రహ్మా. నీకు ఇష్టమేనా?"

"పిల్ల బంగారం," అంది అమ్మ. "బయట గాలికి కూర్చున్నాక మాట్లాడుకుందాం. ఇక్కడ నాకు ఊపిరాడటం లేదు."

అత్త సంతోషంగా నా తొడ మీద గిల్లింది. నేను లేచి బిందెలు తీసుకున్నాను. తలుపు దగ్గర షామా నా పక్కకి వచ్చింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నెలనుంచీ నా పక్కనే కూర్చుని కుడుతున్నావు."

"నా నోటితో ఎలా చెప్పనే? కడుపులో తిప్పేది."

"నాకూ ఇప్పుడు తిప్పుతోంది," అని అది ముందుకి నడిచింది.

బయటి గదిలో గోడల వెంట బల్లలుంటాయి. ఆడవాళ్ళంతా అక్కడే బట్టలు మార్చుకుని, తలలారబెట్టుకుని, నారింజపళ్ళు ఒలుచుకుని కబుర్లు చెప్పుకుంటారు. ఆ రోజు గురువారం కావడంతో బల్లలన్నీ నిండిపోయాయి. అమ్మ తన మూట విప్పింది. శుభ్రమైన బట్టలు పక్కన పెట్టి, మూటకట్టిన గుడ్డని బల్లమీద పరిచి, దాని మడతలు అరచేత్తో సాపుచేసింది.

"రా తల్లీ, కూర్చో. దువ్వుతాను," అంది షామాతో.

షామా కూర్చోబోయి ఆగిపోయింది.

అది దిండుగలీబు. అంచుల్లో నీలిదారంతో పూలు కుట్టి ఉన్నాయి, అమ్మ పెళ్ళినాటి పని. నడిమధ్యలో మనిషి తల పడుకున్నంత మేర నల్లటి మరక. నట్టనడుమ బొగ్గు నలుపు, దాని చుట్టూ జిడ్డు పసుపు, ఇంకా బయట గోరింటాకు ఎరుపు పాకి ఉంది. ఒక చెవి ఆకారం కూడా తెలుస్తోంది. పొట్టుపొట్టుగా చుండ్రు దారాల్లో ఇరుక్కుపోయి ఉంది. నేను ఎన్నిసార్లు ఉడకబెట్టానో ఆ గలీబుని. ఉడకబెట్టినకొద్దీ మరక పెద్దదైంది.

"ఇదేంటి పిన్నీ?" అంది షామా.

"సి తుహామీ దిండు," అంది అమ్మ మామూలుగా. "భయపడకు, ఉతికిందే. ఇంతకన్నా పోదు. వేడినీళ్ళలో మాత్రం ఎప్పుడూ వెయ్యకు, ఇంకా పాకుతుంది. చన్నీళ్ళు, నిమ్మకాయ. ఇవన్నీ నీకు తెలిసుండాలి కదా, రేపట్నుంచి నీ చేతిలో పని."

గదిలో కబుర్లు ఒక్కొక్కటే ఆగాయి. అమ్మ గొంతు పెంచలేదు. కొత్త కోడలికి వంటిల్లు అప్పజెబుతున్నట్టు, ఏదీ మర్చిపోకుండా చెప్పుకుపోయింది.

"చలికాలంలో తల కడుక్కోరు, బలవంతం చెయ్యకు, కోపమొస్తుంది. వసంతం రాగానే పెచ్చులు లేస్తాయి. వెచ్చటి ఆలివ్ నూనె రాసి, నానాక గోటితో మెల్లిగా తియ్యాలి, గట్టిగా గీరితే రసి కారుతుంది. రంగు వేసే ముందు చెవుల వెనక కొవ్వు రాయి, లేకపోతే పుండ్లు పడతాయి. మొదళ్ళు తొందరగా తెల్లబడతాయి, వారం దాటనివ్వకు. రంగు పట్టేదాకా సంచి తొడుక్కుంటారు. అప్పుడు ఒకే పళ్ళెంలో తినకు, కారుతుంది. మీసానికి వేసేటప్పుడు మాట్లాడించకు, నోట్లోకి పోతుంది."

ఎదురు బల్లమీద ముసలావిడ ఒకతి కిసుక్కున నవ్వింది. ఆ పక్కావిడ నారింజతొన నోట్లో పెట్టుకోబోయి తీసేసింది. హనియా గలీబు వైపు చూసింది, అత్త వైపు చూసింది.

"ఒక్క తెల్లవెంట్రుక చూపించమన్నావు కదూ తామూ," అంది.

అంతే, గది గదంతా గొల్లుమంది. షామా నవ్వలేదు. మూలకి పోయి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడింది. వాంతి ఆపుకుంటోందని భుజాలు చూస్తే తెలిసింది.

అత్త మొహం ఆవిరిగదిలో కన్నా ఎర్రబడింది. దారిలో అమ్మ మోచెయ్యి పట్టుకుని ఆపింది. "కావాలనే తెచ్చావు."

"చేతికి అదే దొరికింది వదినా," అంది అమ్మ.

మా ఇంట్లో మూటగుడ్డలు పెట్టె నిండా ఉన్నాయి. ఇస్త్రీ చేసి మడతపెట్టింది నేనే.

మర్నాడు పొద్దున హనియా ఇంటి నుంచి పంచదార దిమ్మలు తిరిగొచ్చాయి. నాన్న మాటముచ్చట కోసం పంపినవి, నీలికాగితం కూడా విప్పలేదు. నాన్న వాటిని వసారాలో వరసగా పెట్టించి, వాటి ముందు నిలబడి అరిచాడు.

"ఏం చెప్పావు నువ్వు? ఏం చెప్పి చెడగొట్టావు?"

"చెడ్డమాట ఒక్కటీ అనలేదు. వదినగారు పక్కనే ఉన్నారు, అడగండి. మీ తల ఎలా చూసుకోవాలో చెప్పాను."

అత్తని అడిగాడు. అత్త ఏం చెప్తుంది? అమ్మ అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. నాన్న ఒక దిమ్మ తీసుకుని గోడకేసి కొట్టబోయి, మళ్ళీ కింద పెట్టేశాడు.

వజ్జాన్‌లో హమ్మామ్ మాట సాయంత్రానికల్లా బజారుకి వచ్చేస్తుంది. మంగలి మొదలుపెట్టాడు, "సి తుహామీ, దిండు కులాసాగా ఉందా?" అని. తరవాత నూనెకొట్టువాడు అందుకున్నాడు. నాన్న ఎండలు ముదిరినా జెల్లాబా టోపీ దించడం మానేశాడు. ఆ చెమటలో, ఆ మిగిలిన రంగులో, నెత్తిమీద బొబ్బలు లేచాయి. బొబ్బలు చితికి పుండ్లయ్యాయి. కొట్టు మూసేసి ఇంట్లో పడ్డాడు. మొదళ్ళలో తెలుపు వడ్లగింజంత పెరిగి, పైన నలుపు, చూడటానికి తలమీద ఏదో చచ్చి పడుకున్నట్టుండేది. నాకు సంతోషంగా ఉంది. దాచుకోవడం దేనికి, చాలా సంతోషంగా ఉంది. పై గది అమ్మదే అయింది. ఇంకేం కావాలి?

ఏప్రిల్ చివర్లో మాకు నీసాన్ వాన కురుస్తుంది. ఏడాదికంతా పవిత్రమైన వాన అదే. ఆ నాలుగురోజుల్లో ఎప్పుడు చినుకు పడినా ఆడవాళ్ళు గిన్నెలూ తపేలాలూ డాబామీద పెడతారు. పెళ్ళికాని పిల్లలు జుట్టు విరబోసుకుని తడుస్తారు. ఆ నీళ్ళతో కడిగితే జుట్టు ఏడాదంతా రాలదంటారు. ఆ ఏడు మధ్యాహ్నంపూట కురిసింది. నేను డాబామీది గిన్నెలన్నీ ఒక తపేలాలోకి వంచి కిందికి తెచ్చాను. అమ్మ జుట్టు కోసమే అనుకున్నాను. ఆ పాడు కొవ్వు తరవాత ఆ తలకి ఒక మంచి నీళ్ళచుక్క పడాలని ఉంది నాకు.

వసారాలో నాన్న పీటమీద కూర్చుని, తల ముందుకి వంచి, చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని ఉన్నాడు. తల నిండా నూనె. నూనెలో నానిన పెచ్చులు, రంగు, ఎండిన రసి. వెనక అమ్మ చేతులు పైకి మడుచుకుని నిలబడి ఉంది.

నేను తపేలా వంటింట్లోకి పట్టుకెళ్ళిపోయాను. అమ్మ వెనకే వచ్చింది.

"ఇటివ్వు."

"ఇవ్వను. నీకోసం తెచ్చాను. ఆ కుళ్ళుమీద పొయ్యడానికా?"

"మెల్లిగా. వింటారు."

"విననీ. నువ్వు గెలిచావు కదమ్మా. ఊరంతా నవ్వింది కదా. ఇంకా ఆ తలని ఎందుకు పట్టుకుంటావు? నువ్వు ముట్టుకున్న చేత్తోనే నాకు రొట్టె పెడతావు. నాకు నిన్ను చూస్తేనే అసహ్యం వేస్తోంది."

అన్నాక అమ్మ ఏడుస్తుందేమోనని చూశాను. అమ్మ తపేలాలో వేలు పెట్టి, మీద తేలుతున్న పువ్వురేకు తీసి పారేసింది.

"ఆ రోజు నేను ఊరుకుని ఉంటే ఇవాళ దీన్ని షామా కడిగేది," అంది.

"ఇప్పుడు షామా రావడం లేదుగా. ఆయన్నే కడుక్కోమను."

"ఈ ఊళ్ళో షామా ఒక్కతేనా పిల్ల?" అమ్మ మొహంలో ఏ భావమూ లేదు. "ఈ పుండ్లు మానతాయి. మళ్ళీ చలికాలం వెళ్తుంది. ఆ పొడి మళ్ళీ సంతలో దొరుకుతుంది. ఆయన నెత్తి నా చేతుల్లో ఉన్నంతకాలం ఇంకోదాన్ని వెతుక్కోరు. నీకు అసహ్యంగా ఉందని నాకు తెలుసు. నాకు లేదనుకున్నావా?"

ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో అసహ్యపడేది నేనొక్కదాన్నే అనుకున్నాను. అమ్మ ముప్పై ఏళ్ళ బట్టి ఆ తల పక్కన పడుకుంది.

బయటి నుంచి నాన్న పిలిచాడు. "ఎంతసేపు? మెడ లాగేస్తోంది."

"వస్తున్నామండీ," అంది అమ్మ.

నీళ్ళు వేడిచెయ్యమని అమ్మ అనలేదు. నేనూ చెయ్యలేదు. తపేలా పట్టుకుని వెళ్ళి నాన్న ముందు నిలబడ్డాను. అమ్మ వెనక నుంచి రెండు చేతులూ ఆ తలలోకి పెట్టింది. చెంబు ముంచి పోశాను.

"అబ్బా, చల్లగా ఉన్నాయే," అని నాన్న భుజాలు ముడుచుకున్నాడు.

అమ్మ వేళ్ళు ఆగలేదు. ఒక పెచ్చు ఊడొచ్చి నా కాలిమీద పడింది. నేను కాలు తియ్యలేదు.

"పొయ్యవే," అంది అమ్మ. పోశాను.